రిటైరైన పోలీసుకు ర్యాంకు, తుపాకీ, సెక్యూరిటీ లైసెన్సు: నాకు తెలిసినంత వరకు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్, అంటే జిల్లా సాయుధ పోలీసు) హెడ్ కానిస్టేబుల్‌గా చేస్తున్నారు, ఇంకో మూడు నెలల్లో రిటైరవుతున్నారు. మీ ఊళ్లో ఒక సుబేదార్ మేజర్ గారికి ఆనరరీ కెప్టెన్ ఇచ్చారు కదా, నాన్నకూ అలా ఎస్సై హోదా ఇస్తారా అని అడిగారు. ఇన్నేళ్లు ఆయుధంతో ఉన్న మనిషి కదా, సొంత పిస్టల్‌కు లైసెన్సు తేలిగ్గా వస్తుందా అన్నారు. తర్వాత బ్యాంకులో గన్‌మన్‌గా చేరాలా, సొంతంగా సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాలా అని ఇంట్లో చర్చ నడుస్తోందని రాశారు. అమెరికాలో రిటైరైన పోలీసులు తుపాకీతో తిరగొచ్చని, వాళ్లకు మళ్లీ కమిషన్, అంటే అధికార నియామకం, ఇస్తారని డాలస్‌లో ఉన్న మీ అన్నయ్య చెప్పిన మాట కూడా రాశారు.

నేను సీఐగా రిటైరయ్యాను. ఎస్సైగా, సీఐగా ఉన్నప్పుడు ఆయుధ లైసెన్సుల దరఖాస్తుల మీద ఎంక్వయిరీ చేసి రిపోర్టులు రాసినవాణ్ని. రిటైరయ్యాక దరఖాస్తు పెట్టుకుని తిరిగినవాణ్ని కూడా. రెండు వైపులా చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మీకు కొంచెం బాధ కలిగించే మాటలు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకండి.

ముందు హోదా సంగతి. సుబేదార్ మేజర్ గారికి వచ్చింది ఆనరరీ కమిషన్, అంటే గౌరవంగా ఇచ్చే ఆఫీసర్ హోదా. అది సైన్యం పద్ధతి. జేసీవోల్లో (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లలో) మంచి సర్వీసు ఉన్నవాళ్లను ఎంపిక చేసి జనవరి 26, ఆగస్టు 15 సందర్భాల్లో ఆనరరీ లెఫ్టినెంట్, ఆనరరీ కెప్టెన్ ప్రకటిస్తారు. ధోనీకి 2011లో టెరిటోరియల్ ఆర్మీలో ఇచ్చిన ఆనరరీ లెఫ్టినెంట్ కల్నల్ వేరే రకం, అది బయటివాళ్లకు ఇచ్చే గౌరవం. ఈ రెండింటికీ పోలీసు శాఖకూ సంబంధం లేదు.

కేంద్ర బలగాల్లో మాత్రం 2025లో ఒక మార్పు వచ్చింది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి బలగాల్లోనూ అస్సాం రైఫిల్స్‌లోనూ కానిస్టేబుల్ నుంచి ఎస్సై దాకా ఉన్నవాళ్లకు, సర్వీసు రికార్డు బాగుంటే, రిటైరయ్యే రోజున ఒక ర్యాంకు పైది గౌరవంగా ఇవ్వాలని కేంద్ర హోం శాఖ నిర్ణయించింది. జీతం పెరగదు, పెన్షన్ పెరగదు. పేరు పక్కన ఒక మెట్టు పైమాట ఉంటుంది, అంతే. అయినా ముప్పై ఏళ్లు కానిస్టేబుల్‌గానే ఉండిపోయిన మనిషికి అదేమీ చిన్న విషయం కాదని నా నమ్మకం. మన రాష్ట్రాల పోలీసులకు కూడా ఇలాంటిది రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ ఆ నిర్ణయం కేంద్ర బలగాలకే. మీ నాన్నగారు జిల్లా ఏఆర్, అంటే రాష్ట్ర పోలీసు. అది ఆయనకు వర్తించదు.

కాబట్టి ఇంటి గేటు మీద "ఎస్సై, రిటైర్డ్" అని బోర్డు పెట్టొద్దు. "హెడ్ కానిస్టేబుల్, రిటైర్డ్" అని నిండుగా రాయించండి. బండి మీద "పోలీస్" స్టిక్కరు ఉంటే రిటైరైన రోజే తీయించండి. యూనిఫాం బీరువాలో దాచుకోవచ్చు, ఫోటో కట్టించుకోవచ్చు, కానీ వేసుకుని బయటికి వెళ్లి ఎవరినైనా ఆపితే కేసే. భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగినని నమ్మించి ఆ హోదాలో ఏదైనా చేస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు. మోసం చేసే ఉద్దేశంతో ఆ దుస్తులో గుర్తులో వాడితే 205వ సెక్షన్. పాత ఐపీసీలో 170, 171 అన్నవే ఇవి. మీ నాన్నగారు అలాంటి పని చేస్తారని కాదు. కాలనీలో గొడవ జరిగితే "మీరు పోలీసు కదా, కాస్త బెదిరించండి" అని పిలిచేవాళ్లు పది మంది ఉంటారు. అలవాటులో మాట తూలుతుంది. అక్కడే జాగ్రత్త.

ఇక తుపాకీ. అసలు విషయం ఇదే, ఎక్కువ మంది పొరబడేది కూడా ఇక్కడే.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ మీ నాన్నగారికి లైసెన్సు ఎందుకు అక్కర్లేదో ఎప్పుడైనా ఆలోచించారా? 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ ప్రభుత్వ ఉద్యోగి తన విధి నిర్వహణలో భాగంగా ఆయుధం పట్టుకుంటే చట్టం వర్తించదంటుంది. అంటే ఆ మినహాయింపు మనిషికి కాదు, డ్యూటీకి. డ్యూటీ అయిపోయిన మరుక్షణం ఆయన కూడా మీలాగా, నాలాగా మామూలు పౌరుడే. ముప్పై ఐదేళ్ల అనుభవం ఉన్నా లైసెన్సు లేకుండా ఒక్క తూటా కూడా ఇంట్లో ఉండకూడదు.

తూటా మాట ఎందుకెత్తానంటే, ఇది నేను కళ్లారా చూశాను. ఒక రిటైర్డ్ ఏఎస్సై గారి ఇంట్లో గొడవ జరిగి స్టేషన్‌కు ఫోన్ వస్తే వెళ్లాం. దేవుడి గది అల్మరాలో, కుంకుమ భరిణ పక్కన, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు లైవ్ రౌండ్లు. ఎప్పుడో ఫైరింగ్ ప్రాక్టీసులో మిగిలినవి, గుర్తుగా ఉంచుకున్నాను సార్ అన్నాడాయన. చేతులు వణుకుతున్నాయి. గుర్తు కోసం ఉంచుకున్నా చట్టం దృష్టిలో అది లైసెన్సు లేని మందుగుండు. జైలు శిక్ష పడే నేరం. మీ నాన్నగారి పాత ట్రంకుపెట్టె, కిట్ బ్యాగు, పౌచ్‌లు అన్నీ ఇప్పుడే, ఆయన సర్వీసులో ఉండగానే ఒకసారి దులిపి చూడమనండి. ఏమైనా దొరికితే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పి లెక్క రాయించి జమ చేసేయాలి. రిటైరయ్యాక దొరికితే వివరణ ఇచ్చుకోవడం చాలా కష్టం.

సొంత లైసెన్సు విషయానికొస్తే, 2016 ఆయుధ నిబంధనల్లో మీ నాన్నగారికి పనికొచ్చే మాట ఒకటి ఉంది. లైసెన్సు కోసం ఎవరి దరఖాస్తులను పరిశీలించవచ్చో చెప్పే 12వ నిబంధనలో, రక్షణ దళాల్లో, కేంద్ర సాయుధ బలగాల్లో, రాష్ట్ర పోలీసులో పనిచేస్తున్నవాళ్లను, పనిచేసినవాళ్లను విడిగా పేర్కొన్నారు. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగదు. ప్రాణానికో ఆస్తికో రక్షణ కావాల్సిన నిజమైన అవసరం ఉండాలి అని కూడా ఉంది. చాలామంది మొదటి సగం చదివి, హక్కు ఉందనుకుని కలెక్టరేట్‌కు వెళ్తారు. రెండో సగం దగ్గర ఫైలు ఆగిపోతుంది.

నేను రిపోర్టులు రాసిన రోజుల్లో ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ దరఖాస్తు నా టేబుల్ మీదికి వచ్చింది. మంచి మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగాను, "అన్నా, ఎవరి వల్ల భయం?" అని. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "భయం ఏమీ లేదు సార్, ఇన్నేళ్లు భుజాన ఉంది, ఇప్పుడు లేకపోతే ఏదో లోటుగా ఉంది" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను రిటైరైన రోజు సాయంత్రం నడుముకు బరువు లేకుండా స్కూటరు ఎక్కినప్పుడు ఆయన చెప్పింది పూర్తిగా అర్థమైంది. కానీ ఆ రోజు రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే రాశాను. ముప్పు కనబడలేదు అని. లైసెన్సు రాలేదు. అది తప్పని ఇప్పటికీ అనుకోను. లోటు వేరు, అవసరం వేరు.

అందుకే మీ నాన్నగారిని కూర్చోబెట్టి అడగండి. ఎస్కార్ట్ డ్యూటీలు చేశారు కదా, ఏ కేసులోనైనా సాక్ష్యం చెప్పారా? ఎవరైనా బెదిరించారా? దానికి ఎక్కడైనా కాగితం ఉందా, అంటే జీడీ ఎంట్రీ (స్టేషన్ జనరల్ డైరీలో రాసిన నమోదు) గానీ, పై అధికారికి రాసిన అర్జీ గానీ? ఊరికి దూరంగా తోటలో ఇల్లుందా? ఇలాంటి నిర్దిష్టమైన కారణం ఉంటే దరఖాస్తుకు బలం. "పోలీసుగా చేశాను" అన్నది ఒక్కటే సరిపోదు.

దరఖాస్తు ఏ-1 ఫారంలో పెట్టాలి. జిల్లాల్లో లైసెన్సు ఇచ్చేది కలెక్టర్, హైదరాబాద్ లాంటి కమిషనరేట్ నగరాల్లో పోలీస్ కమిషనర్. సర్వీసులో ఏ జిల్లాలో చేశారన్నది కాదు, ఇప్పుడు ఎక్కడ నివాసం అన్నదే లెక్క. ఆయుధం ఇంట్లో ఎక్కడ, ఎలా భద్రంగా పెడతారో హామీ రాసివ్వాలి. వైద్య ధ్రువపత్రం జతచేయాలి, అందులో మానసిక ఆరోగ్యం కూడా ఉంటుంది. స్థానిక స్టేషన్ నుంచి రిపోర్టు తెప్పించుకుంటారు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, ఆ ఉత్తర్వు మీద అప్పీలు వేసుకోవచ్చు. నోటిమాటగా "రాదండీ" అని పంపించేస్తే ఒప్పుకోవద్దు. నా దరఖాస్తు ఒక ఆఫీసులో ఏడు నెలలు కదలలేదు. వెళ్లిన ప్రతిసారీ "ఎంక్వయిరీలో ఉంది సార్" అనే సమాధానం. చివరికి ఒక పేజీ లెటరు రాసి, రసీదు తీసుకుని, నా దరఖాస్తు ఏ దశలో ఉందో రాసివ్వండి అని అడిగాక కదిలింది. ఎంత పరిచయం ఉన్నా కాగితం మీద అడగాలి. మనవాళ్లు మొహమాటపడేది అక్కడే.

లైసెన్సు వచ్చినా సర్వీసు పిస్టల్ లాంటిది రాదు. డిపార్ట్‌మెంట్‌లో వాడే 9 ఎంఎం మామూలు పౌరులకు నిషిద్ధ కోవలోకి వస్తుంది, ఆ కోవ లైసెన్సు కేంద్ర హోం శాఖ చేతిలోని పని. మనకు దొరికేది .32 రివాల్వరో పిస్టలో, లేకపోతే 12 బోర్ తుపాకీ. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే .32 రివాల్వర్ రిటైరైనవాళ్లలో ఎక్కువ మంది కొంటారు. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, అంతకు ముందు మూడు. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడం కూడా అదే సవరణలో నేరంగా చేర్చారు, రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మామయ్య పోలీసు కదా అని మేనల్లుడి పెళ్లిలో ఒక రౌండు కాల్చమని అడిగేవాళ్లుంటారు, కుదరదని ముందే చెప్పేయండి. ఎన్నికలు వచ్చినప్పుడు ఆయుధం స్టేషన్‌లో డిపాజిట్ చేయమని నోటీసు రావచ్చు. "నేను మీ డిపార్ట్‌మెంటే" అని వాదించకుండా వెళ్లి ఇచ్చేసి రసీదు తెచ్చుకోవాలి.

మీ అన్నయ్య చెప్పిన అమెరికా సంగతి నిజమే, కానీ సగమే. అక్కడ 2004లో ఒక ఫెడరల్ చట్టం చేశారు. మంచి రికార్డుతో విరమించిన, మొత్తం పదేళ్ల సర్వీసు ఉన్న అధికారి తన శాఖ ఇచ్చిన ఫోటో గుర్తింపు కార్డుతో ఏ రాష్ట్రంలోనైనా తుపాకీ దాచి పెట్టుకుని తిరగొచ్చు. మొదట్లో పదిహేనేళ్లు ఉండేది, 2010లో పదికి తగ్గించారు. కానీ ప్రతి ఏడాదీ సొంత ఖర్చుతో షూటింగ్ పరీక్ష పాసవ్వాలి, మద్యం మత్తులో ఉన్నప్పుడు ఆ వెసులుబాటు వర్తించదు. అరెస్టు చేసే అధికారం కూడా ఆ చట్టంతో రాదు. మీ అన్నయ్య ఉండే టెక్సస్‌లో గౌరవంగా రిటైరైన డీపీఎస్ (ఆ రాష్ట్ర ప్రజా భద్రత శాఖ) అధికారులను స్పెషల్ రేంజర్లుగా నియమించే పద్ధతి ఉంది. జీతం ఉండదు, 2,500 డాలర్ల బాండు ఇవ్వాలి, ట్రాఫిక్ చట్టాలు అమలు చేయడానికి వీల్లేదు. అంటే అక్కడ కూడా కమిషన్ అన్న మాట వినగానే పాత అధికారమంతా తిరిగి వచ్చేసినట్టు కాదు. మన దగ్గర అలాంటి చట్టమే లేదు కాబట్టి పోల్చుకుని బాధపడి లాభం లేదు. ఏటా షూటింగ్ పరీక్ష అన్న నిబంధన మాత్రం మన దగ్గరా ఉంటే బాగుండునని నేను ఎప్పటినుంచో అంటున్నాను. పదేళ్లుగా ట్రిగ్గర్ ముట్టని మనిషి చేతిలో లోడ్ చేసిన రివాల్వర్ ఎవరికీ క్షేమం కాదు.

ఉద్యోగం సంగతికి వస్తాను. ఇక్కడ ఒక లెక్క మీరు చూసుకున్నట్టు లేదు. 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం గార్డు వయసు 65 దాటకూడదు. ఆంధ్రాలో రిటైర్మెంటు 62కు. అంటే గార్డుగా చేయగలిగేది మూడేళ్లే. తెలంగాణలో 61 కాబట్టి నాలుగేళ్లు. ఆ మూడేళ్ల కోసమని అప్పు చేసి తుపాకీ కొని గన్‌మన్ ఉద్యోగంలో చేరడం గిట్టుబాటు అవుతుందా, ఇంట్లో అందరూ కూర్చుని లెక్క వేయండి. తుపాకీ లైసెన్సు ఉన్నవాడికి జీతం ఎక్కువ ఇస్తామని ఏజెన్సీలు ఆశపెడతాయి. ఆత్మరక్షణ కోసమని చెప్పి తీసుకున్న లైసెన్సుతో ఎవరో చెప్పిన చోట కాపలా కాయడం మొదలుపెడితే రెన్యువల్ సమయంలో ఇబ్బంది. ఆ ఉద్దేశం ఉంటే దరఖాస్తులోనే దాచకుండా రాయాలి.

నా సలహా, గార్డు కాదు, సూపర్‌వైజర్ పని చూడండి. సైన్యంలోగానీ, సాయుధ బలగాల్లోగానీ, రాష్ట్ర పోలీసులోగానీ మూడేళ్లకు తక్కువ కాకుండా చేసినవాళ్లకు సూపర్‌వైజర్లుగా ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఏఆర్‌లో గార్డు డ్యూటీలు, రోల్‌కాల్, ఆయుధాల లెక్క అన్నీ చేసిన హెడ్ కానిస్టేబుల్ కంటే ఆ పనికి తగినవాడు ఎవరు? శిక్షణలో కూడా తేడా ఉంది. కేంద్రం చేసిన మోడల్ రూల్స్‌లో కొత్తవాళ్లకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు ట్రైనింగ్ అయితే, మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటల క్లాసు, 16 గంటల ఫీల్డు చాలు. డిస్మిస్ అయినవాళ్లకు, క్రమశిక్షణ చర్యతో తొలగించినవాళ్లకు మాత్రం తలుపులు మూసుకుపోతాయి. మంచి రికార్డుతో బయటికి రావడం ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. గార్డుల యూనిఫాం పోలీసు, సైన్యం యూనిఫాంలా ఉంటే ఏడాది దాకా జైలు, పాత ఖాకీ వేసుకుని కాపలాకు వెళ్లడం కుదరదు.

సొంత ఏజెన్సీ అంటే లైసెన్సు ఫీజు ఒక జిల్లాకు 5,000, ఐదు జిల్లాల వరకు 10,000, రాష్ట్రం మొత్తానికి 25,000 రూపాయలు. లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. ఫీజు చూసి తేలికే అనుకోవద్దు. లైసెన్సు వచ్చిన ఆరు నెలల్లో పని మొదలుపెట్టాలి, గార్డులకు శిక్షణ ఇప్పించాలి, ప్రతి ఒక్కరి పూర్వాపరాలు వెరిఫై చేయించాలి, పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టాలి. బిల్లు మూడు నెలలకు వచ్చినా గార్డులకు ఒకటో తేదీకి జీతం ఇవ్వాలి. రిటైర్మెంటు డబ్బంతా అందులో పెట్టి రెండేళ్లలో పోగొట్టుకున్న ఇద్దరు నాకు బాగా తెలుసు. లైసెన్సు లేకుండా "ముందు నలుగురు గార్డులతో మొదలుపెడదాం" అనుకుంటే అది కూడా నేరమే.

ఇంకొక్కటి, ఇది ఆయన కూతురైన మీకు చెబుతున్నాను. రిటైరైన మొదటి ఏడాది చాలా కష్టంగా గడుస్తుంది. పొద్దున ఐదుకే మెలకువ వస్తుంది, వెళ్లాల్సిన చోటు ఉండదు. ఫోన్ మోగదు. నిద్ర పట్టదు, టెన్షన్, చిన్నదానికే కోపం. ఆ ఏడాదిలో ఇంట్లో తుపాకీ ఉండకపోవడమే మంచిదని నేను నిజంగా అనుకుంటున్నాను. నేను దరఖాస్తు పెట్టింది కూడా రిటైరైన ఏడాదిన్నరకు. మీ నాన్నగారు బాగానే ఉన్నారనిపించాక, నిజమైన అవసరం ఉంటే అప్పుడు పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా తూటాలు ఒక చోట, ఆయుధం ఒక చోట, రెండూ తాళం కింద. మనవలు వచ్చే ఇల్లయితే మరీ జాగ్రత్త.

ఈ మూడు నెలల్లో చేయాల్సింది చెబుతాను. సర్వీసు రిజిస్టర్‌లో రివార్డులు, జీఎస్‌ఈలు (గుడ్ సర్వీస్ ఎంట్రీలు) అన్నీ ఎక్కాయో లేదో చూసుకుని జెరాక్సు తీసుకోమనండి. ఏదైనా పాత చార్జ్ మెమో (క్రమశిక్షణ నోటీసు) పెండింగులో ఉంటే ఇప్పుడే క్లియర్ చేయించుకోవాలి, అది ఉంటే పెన్షన్‌కూ అడ్డమే, లైసెన్సుకూ అడ్డమే. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాలు భద్రపరిచే గదిలో) ఆయుధం జమ చేసే రోజు బట్ నంబరు (తుపాకీ మీది నంబరు), మ్యాగజైన్లు, రౌండ్ల లెక్క రిజిస్టర్‌లో సరిగా రాశారో లేదో తనే చదివి సంతకం పెట్టాలి. నో డ్యూస్ కాగితం ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి. నేను జమ చేసిన రోజు రిజిస్టర్ రాసే రైటర్ ఒక మ్యాగజైన్ తక్కువ రాశాడు. చూసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నో డ్యూస్ ఎప్పటికి వచ్చేదో.

నాన్నగారిని అడిగి, బెదిరింపుల గురించి పాత కాగితం ఏదైనా ఉందో లేదో చూసి రాయండి. ఉంటే ఏ తేదీది, ఎవరికి ఇచ్చారో చెప్పండి, పేర్లు మాత్రం ఇక్కడ పెట్టొద్దు. దాన్ని బట్టి దరఖాస్తులో కారణం ఎలా రాయాలో చెబుతాను.